ఆకాశం కిందకు రమ్మన్న గంట

ఢిల్లేశ్వరరావు ఇంట్లో తరం నుంచి తరానికి దిగివచ్చింది ఒక్కటే. గంట కొట్టే పని.

తాత బారువ రేవులో ఓడెక్కి రంగూన్ వచ్చినవాడు. పజుండౌంగ్ కాలువ ఒడ్డున బియ్యం మిల్లులో బస్తాలు మోసే కళాసీగా కుదిరాడు. ఒక వానాకాలం బస్తా జారి మోకాలి మీద పడింది. మోయలేని మనిషిని పొమ్మనడానికి నోరు రాక, మిల్లు మేస్త్రి అతని చేతికి సుత్తి ఇచ్చి, దూలానికి వేలాడుతున్న రైలు పట్టా ముక్కను చూపించాడు. అప్పట్నుంచి ఆ మిల్లులో పొద్దు అతని చేతి మీదుగా నడిచింది. ఒంటి దెబ్బ పడితే పని మొదలు. జంట దెబ్బలు పడితే తిండి. ఆగకుండా మోగిందంటే మాత్రం నెత్తి మీద ఏదో ఒరుగుతోందని అర్థం. చేతిలో ఏముంటే అది అక్కడే వదిలేసి బయటికి, ఆకాశం కిందకు, పరిగెత్తాలి. మిల్లులో చావు ఎప్పుడూ పైనుంచే వచ్చేది. బస్తాలు పేర్చిన నెట్టు ఒరిగేది, దూలం విరిగేది, బాయిలరు పగిలి కప్పు రేకులు లేచిపోయేవి. ఆకాశం ఎవరి మీదా కూలలేదు.

తాత తర్వాత తండ్రి అదే సుత్తి పట్టాడు. ఒకసారి నెట్టు కదలడం అందరికంటే ముందు తండ్రే చూసి గంట అందుకున్నాడు. ఒక్కడు మిగలకుండా గుంపంతా బయటికొచ్చాక వెనక బస్తాల కొండ కూలింది. ఆ తర్వాత చాలా ఏళ్లు పజుండౌంగ్ తెలుగువాళ్ల పెళ్లిళ్లలో తండ్రికి మొదటి తాంబూలం ఇచ్చేవారు. పక్కన కూర్చున్న పిల్లవాడి వీపు తట్టి తండ్రి అనేవాడు:

"సెయ్యాగకూడదురా డిల్లీ. ఆఖరోడు బయటికొచ్చీదాకా కొడతానే ఉండాల."

ఆ మాట ఢిల్లేశ్వరరావు చేతుల్లోకి ఎప్పుడు దిగిందో అతనికే తెలియదు.

మిల్లు మూతపడింది. అతను సైకిల్ రిక్షా తొక్కాడు. పక్కన ఇంకో రిక్షాతో వాసుదేవరావు ఉండేవాడు. ఇద్దరూ ఒకే చెట్టు కింద బేరాలు చూసుకునేవారు, ఒకే తమలపాకు చించుకుని వేసుకునేవారు. వాసుదేవరావు పోయాక అతని కూతురు మల్లిక పెళ్లి ఢిల్లేశ్వరరావు చేతుల మీదుగానే జరిగింది. పెళ్లికొడుకు మౌంగ్ మౌంగ్ బర్మీయుడు, బస్సు డ్రైవరు, నెమ్మదైన మనిషి. వాళ్లు కాలువ అవతల తాకేటాలో కాపురం పెడితే, ఆ వెనకే ఢిల్లేశ్వరరావు, అతని భార్య వెంకమ్మ కూడా అక్కడికే మారారు. వీళ్లకి పిల్లలు లేరు. మల్లికకి పుట్టిన తార వీళ్లింట్లోనే నడక నేర్చింది.

మోకాళ్లు అరిగి రిక్షా తొక్కలేని రోజులొచ్చాయి. వెంకమ్మ అన్న కొడుకు గోపీకృష్ణ తాకేటాలో ఒక ప్రైవేటు స్కూల్లో మేనేజరు. ఆ స్కూల్లో కరెంటు గంట ఉండేది కానీ, దాన్ని మోగించడానికి కరెంటు ఉండేది కాదు. గోపీకృష్ణ ఎక్కడినుంచో ఒక రైలు పట్టా ముక్క తెప్పించి, స్కూలు ముందు ఆవరణలో మామిడి చెట్టుకి గొలుసుతో వేలాడదీయించాడు.

"మావా, ఇంక నీ ఉద్యోగం నీకొచ్చీసినాది. సుత్తి పట్టు" అన్నాడు.

"తాత కుంటోడై పట్టినాడు, నువ్వూ కుంటోడివై పట్టినావు. మీ వంశానికి కాలిరిగితే గానీ సెయ్యి లేవదేటి?" అంది వెంకమ్మ.

స్కూల్లో అందరికీ అతను ఊ డిల్లి. బర్మీయులు పెద్దవాళ్ల పేరు ముందు పెట్టే ఆ ‘ఊ’ తన పేరుకి తగిలినప్పుడల్లా అతను కొంచెం నిటారుగా నిలబడేవాడు. తార ఒక్కతే అతన్ని ‘ఫో ఫో’ అని పిలిచేది. బర్మా మాటలో తాతయ్య. తారకి తెలుగంతా అర్థమయ్యేది, నోటంట మాత్రం వచ్చేది కాదు. అమ్మ తెలుగులో అరిస్తే బర్మా మాటలో ఎదురు చెప్పేది. ఆదివారాలు పజుండౌంగ్ గుడిలో తెలుగు అక్షరాలు నేర్పుతారు, వెళ్లమంటే కడుపునొప్పి వచ్చేది. తిండి గంట ముందు వరండా స్తంభం చాటునుంచి తల బయటపెట్టి, చింతపండు బిళ్ల చూపించేది, లంచం అన్నట్టు. గంట తొందరగా కొట్టమని.

"ఎల్లు ఎల్లు, కలాసుకి ఎల్లు. గంట అమ్ముడుపోదు" అనేవాడు. బిళ్ల మాత్రం తీసుకునేవాడు.

ఉత్తరాన మాండలే వైపు భూమి కంపించి ఇళ్లకి ఇళ్లు కూలిన ఏడాది, రంగూన్‌లో కూడా గోడలు ఊగాయి. ఆ జూన్‌లో బడులు తెరిచాక అన్ని చోట్లా భూమి కంపిస్తే ఏం చేయాలో పిల్లలకి అలవాటు చేయించారు. ఈ స్కూల్లో పెట్టిన పద్ధతి ఇదీ: ఊ డిల్లి ఆగకుండా గంట కొడితే ముందు భవనం పిల్లలు ముందు ఆవరణలోకి, వెనక భవనం పిల్లలు వెనక పెరట్లోకి పుస్తకాలు వదిలేసి వచ్చి, చేతులు నెత్తి మీద పెట్టుకుని కూర్చోవాలి. ఒంటి దెబ్బ పడ్డాకే లేవాలి. ఆ పద్ధతి విన్నప్పుడు అతనికి తాత మిల్లు మళ్లీ తెరిచినట్టనిపించింది. ఐదో తరగతి వరుసకి తార పెద్ద. నవ్వే మగపిల్లల్ని వేలు చూపి కసిరేది. అందరికంటే ముందు కూర్చునేది, అందరికంటే చివర లేచేది.

ఆ రోజు ఆగస్టులో ఒక మధ్యాహ్నం. వాన వెలిసింది. ఆ స్కూల్లోనే కాపలా చేసి, వేసవిలో ఉద్యోగం పోయిన మనిషి ఒకడు గేటు దాటి లోపలికొచ్చాడు. ఢిల్లేశ్వరరావు అతన్ని గుర్తుపట్టాడు. నవ్వాడు కూడా. ఆ మనిషి నవ్వకుండా ఆఫీసు గదిలోకి వెళ్లాడు. లోపల చప్పుడైంది. కిటికీలోంచి తుపాకీ కనిపించింది, కింద పడుతున్న టీచరు కనిపించింది.

ఢిల్లేశ్వరరావు చెయ్యి సుత్తి మీదికి వెళ్లింది. ఆగకుండా కొట్టాడు.

వెనక భవనంలో పిల్లలు వెనక పెరట్లోకి పోయి, టీచర్లు గోడ దాటిస్తే బతికారు. ముందు భవనంలో పిల్లలు ముందు ఆవరణలోకి వచ్చారు. నేర్పినట్టే వచ్చారు. నేర్పినట్టే తడి నేల మీద వరుసల్లో కూర్చుని, చేతులు నెత్తి మీద పెట్టుకున్నారు. ఆఫీసు తలుపు ఆ ఆవరణ వైపే తెరుచుకుంటుంది. తను ఏం చేశాడో అప్పుడు అతనికి అర్థమైంది. సుత్తి వదిలేసి గొంతు చించుకుని అరిచాడు. పిల్లలు అతని వైపు అయోమయంగా చూశారు. తార ఒక్కతే లేచి నిలబడింది. వెనక్కి తిరిగి అందరితోనూ ఏదో గట్టిగా చెప్పింది. వరుసలు విరిగి పిల్లలు వరండా వైపు పరుగెత్తారు. తలుపు తెరుచుకుంది.

చాలామంది లోపలికి చేరారు. తార, ఆమె వెనకే లేచిన ఒక అబ్బాయి చేరలేదు. ఆఫీసులో పడిపోయిన టీచరు ప్రాణం దక్కింది. ఆ మనిషి ఆ తర్వాత తుపాకీ తన వైపే తిప్పుకున్నాడు.

ఆ మనిషి చేతికి తుపాకీ ఎలా వచ్చింది, ఎందుకొచ్చాడు అన్నదాని మీద రేడియోలో, టీ కొట్లలో రకరకాలుగా చెప్పుకున్నారు. ఢిల్లేశ్వరరావు చెవులు మాత్రం వేరే మాట మీద ఆగిపోయాయి. అది చనిపోయిన అబ్బాయి ఇంటి వైపునుంచి బయల్దేరింది. పిల్లలంతా కదలకుండా కూర్చుని ఉంటే వాడు అలా చూసి పోయేవాడట. ఆ అమ్మాయే పెద్దరికానికి పోయి, లేచి అరిచి, అందరినీ చెదరగొట్టి వాడి కంట్లో పడేసిందట. కొడుకుని పోగొట్టుకున్న ఇల్లు ఏదో ఒక మాట పట్టుకోవాలి కదా, పట్టుకుంది. బజారులో అది నలిగి, తార చెప్పినమాట వినని పిల్లగా తేలింది.

మల్లిక వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, స్కూలు బట్టలు కుడుతుంది. ఢిల్లేశ్వరరావు ఇంటినుంచి స్కూలుకెళ్లే బస్సెక్కాలంటే ఆ మలుపు దాటాల్సిందే. కర్మకాండల రోజుల్లో అతను ఆ ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు. మౌంగ్ మౌంగ్ ఇంటి పద్ధతిలో భిక్షువులు వచ్చి చదివారు, మల్లిక తరఫున పజుండౌంగ్ గుడి పూజారి వచ్చాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. ఆ తర్వాత బజారు మాట విన్నప్పటినుంచీ అతను ఆ మలుపు వైపు వెళ్లడం మానేశాడు. కాలువ గట్టు మీదుగా, చేపల పాకల వెనకగా, బురదలో చుట్టు తిరిగి వెళ్లేవాడు.

"కొత్త సెప్పులు కొన్నాం. మడమలు అప్పుడే అరిగిపోనాయి. ఏ దేశానికి ఎల్లొస్తన్నావేటి రోజూ?" అంది వెంకమ్మ ఒకరోజు.

అతను చెప్పులు విప్పి గోడ వారన పెట్టాడు.

"నాకు తెల్దనుకోకు" అంది ఆమె, చీపురుతో గడప తుడుస్తూ. "మలుపులో ఆ పిల్ల కూడా సూస్తంది."

విచారణ సంఘం వేశారు. టౌన్‌షిప్ హాల్లో, జనం కూర్చుని వినేలా జరుగుతుందన్నారు. రిటైరైన జడ్జి ఒకామె అధ్యక్షురాలు. ఎవరి తప్పు ఎంత అన్నది తర్వాత, ముందు ఏం జరిగిందో అందరి నోటా వినాలి అని ఆమె మొదటిరోజే చెప్పిందట. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు సాక్షిని స్వయంగా ప్రశ్న అడగవచ్చు. ఢిల్లేశ్వరరావుకి పిలుపు వచ్చింది.

దాని వెనకే గోపీకృష్ణ వచ్చాడు. వంతెన దగ్గర టీ కొట్లో, పొట్టి స్టూళ్ల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. గోపీకృష్ణ కళ్ల కింద నల్లగా ఉంది. అతను కూడా సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది.

"మావా, నువ్వు సెప్పాల్సింది రెండే ముక్కలు. సప్పుడైతే భూకంపమనుకున్నావు. గంట కొట్టినావు. అంతే."

"కిటికీలోంచి సూసినాన్రా. తుపాకీ సూసే కొట్టినాను."

"అది నీకూ నాకూ తెల్సు. అక్కడ అనకు. భూకంపమన్నావనుకో, స్కూలు పద్ధతి ప్రకారమే అంతా జరిగినట్టు. తుపాకీ సూసి కొట్టినావంటే అడుగుతారు, తుపాకీకి వేరే గంట ఎందుకు పెట్టలేదూ అని. స్కూలు మూసేస్తారు. నాతోటి పాటు అందరం రోడ్డు మీద పడతాం."

"మరి అరిచింది?"

గోపీకృష్ణ టీ కప్పు కింద పెట్టాడు. "పిల్లలు సెప్పినారు, ఊ డిల్లి వాళ్ల బాషలో ఏదో అరిచినాడని. ఏటన్నావో ఎవళికీ తెల్దు. బయపడి ‘అమ్మా’ అన్నావు. బయమేస్తే ఎవుడైనా అదే కదా అంటాడు."

"నానలగ అన్లేదు."

"మావా, సరీగ్గా ఇను. మల్లిక ఎదురుగా కూకుంటాది. నీ మాట ఇనే నీ కూతురు లేసింది అని దాని మొకం మీద సెప్తావా? ఆ పిల్ల తట్టుకోగల్దా? ఇప్పుడైతే ఏదో కర్మ అనుకుంటంది. నువ్వెల్లి ఆ కర్మకి పేరెడతావా, ఊ డిల్లి అని?"

ఈ మాట తగిలింది. స్కూలు సంగతి, ఉద్యోగం సంగతి అతనికి అంతగా తగల్లేదు. ఇది తగిలింది. చెబితే మల్లిక ఇంక జన్మలో తన గడప తొక్కదు. చెప్పకపోతే తార మాట వినని పిల్లగానే మిగిలిపోతుంది. రెండిట్లో ఏది పెద్ద దెబ్బో తూచడానికి అతని దగ్గర ఏమీ లేదు. టీ మీద మీగడ కట్టింది. గోపీకృష్ణే కొట్టువాడిని పిలిచి డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి వెంకమ్మకి అంతా చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ విన్నది.

"పెళ్లైన కాణ్ణుంచీ నా మాట ఒక్కటీ ఇన్లేదు నువ్వు. ఇప్పుడు గోపీగాడి మాట ఇంటావా?" అంది.

"అయితే ఏటి సెయ్యమంటావు?"

"నన్నడిగితే ఏటి సెప్తాను? దాన్ని ఎత్తుకుని తిరిగిన సెయ్యి నాది కూడా." చేట పక్కకి జరిపింది. ఏరిన రాళ్లు గుమ్మం బయటికి పారేసి మళ్లీ అంది: "అది నా దగ్గర తెలుగులో ఒక్క ముక్క మాటాడ్లేదు ఎప్పుడూ. ‘దాహం’ అంటే నీళ్లు తెచ్చీది. ‘కళ్లజోడు’ అంటే జోడు తెచ్చీది. మాటాడకుండా తెచ్చీది."

విచారణ రోజు వాన పడుతూనే ఉంది. హాల్లో గొడుగుల నీళ్లు కాళ్ల కింద పారుతున్నాయి. మల్లిక మొదటి వరుసలో, తెల్ల జాకెట్టు వేసుకుని కూర్చుంది. పక్కన మౌంగ్ మౌంగ్. అదే వరుసలో అటు చివర చనిపోయిన అబ్బాయి తల్లిదండ్రులు. రెండు జంటలకీ మధ్య కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఎవరూ వాటిలో కూర్చోలేదు.

ముందు పిల్లల మాటలు చదివారు. పిల్లల్ని అక్కడికి తీసుకురాలేదు. ఒక టీచరు వాళ్లు చెప్పింది చెప్పినట్టు చదివింది. అందరిదీ ఇంచుమించు ఒకటే. గంట మోగింది, వచ్చి కూర్చున్నాం. ఊ డిల్లి వాళ్ల భాషలో ఏదో అరిచాడు, మాకు తెలియలేదు. తార లేచి, లోపలికి పొండి, లోపలికి పొండి అంది. ఒంటి దెబ్బ పడకుండా లేవకూడదు కదా, అందుకని మేం కొంచెంసేపు లేవలేదు.

అబ్బాయి తల్లి చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. ఎవరో వెనకనుంచి గొణిగారు, చూశారా, ఆ పిల్లే, అని. మల్లిక తల తిప్పలేదు. ఆమె మెడ మీద నరం ఒకటి లేచి నిలబడింది.

ఢిల్లేశ్వరరావుని పిలిచారు. అతను బర్మా భాషలోనే మాట్లాడాడు. పుట్టిన నాటినుంచీ వీధిలో మాట్లాడే భాషే అయినా, ఆ రోజు ప్రతి మాటా నాలుక మీద రాయిలా ఉంది.

"ఊ డిల్లి, ఆ చప్పుడు విన్నప్పుడు మీరు ఏమనుకున్నారు?" అంది అధ్యక్షురాలు.

అతను గోపీకృష్ణ వైపు చూడలేదు. చూస్తే అతని మీద జాలి వేస్తుందని తెలుసు.

"ఏమీ అనుకోలేదమ్మా. కిటికీలోంచి తుపాకీ చూశాను. చూసే గంట కొట్టాను."

హాలంతా ఒక్కసారి కదిలింది. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"తుపాకీ అని తెలిసి, పిల్లల్ని బయటికి పిలిచారా?"

"పిలిచాను. మా తాత కొట్టాడు, మా నాన్న కొట్టాడు. వాళ్లు కొడితే జనం బయటికొచ్చి బతికారు. ప్రమాదం అంటే నాకు తెలిసిన గంట అదొక్కటే. లోపల ఉంటే చావు, బయట ఆకాశం కింద ఉంటే బతుకు అని నా చేతికి తెలుసు. చావు బయట కాసుకుని కూర్చునే రోజు వస్తుందని దానికి ఎవరూ చెప్పలేదు. ఇది మీరు నన్ను క్షమించాలని చెప్పడం లేదు. అడిగారు కనుక చెబుతున్నాను."

"తర్వాత?"

"పిల్లలు కూర్చున్నాక నాకు తెలివొచ్చింది. అరిచాను."

"ఏమని అరిచారు?"

ఇదే ఆ ప్రశ్న. ‘అమ్మా’ అంటే అయిపోతుంది. అతను మొదటి వరుస వైపు చూశాడు. మల్లిక అతన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, ఏడుపు లేదు. మిషను మీద సూది కంట్లోకి దారం ఎక్కించేటప్పుడు ఆమె అలా చూస్తుంది, ఊపిరి బిగబట్టి.

అతను తెలుగులో అన్నాడు. ఆనాడు అరిచినంత గట్టిగా కాదు, కానీ అవే మాటలు.

"లోపలికెల్లిపోండి తల్లీ! లోపలికెల్లిపోండి!"

అంతమంది ఉన్న హాల్లో ఆ మాట మళ్లీ నలుగురైదుగురికే అందింది. గోపీకృష్ణ తల వంచుకున్నాడు. వెంకమ్మ కళ్లు మూసుకుంది. మిగతావాళ్లంతా ఆనాటి పిల్లల్లాగే అతని వైపు అయోమయంగా చూశారు. అధ్యక్షురాలు దాని అర్థం చెప్పమంది. అతను బర్మా భాషలో చెప్పాడు.

"బర్మా భాషలో అరవాల్సింది. రాలేదు. అంత భయంలో నోట్లోంచి మా ఇంటి మాటే వచ్చింది. ఆ ఆవరణలో అది అర్థమయ్యేది తారకి ఒక్కదానికే. ఆ పిల్ల పెద్దరికానికి లేవలేదమ్మా. మాట వినకుండా లేవలేదు. నా మాట విని లేచింది. నేను చెప్పింది మిగతావాళ్లకి వాళ్ల మాటలో చెప్పింది. పరిగెత్తిన పిల్లలంతా దాని నోటి మాట మీద పరిగెత్తారు."

ఎవరూ గొణగలేదు. కప్పు మీద వాన చప్పుడు మాత్రం పెద్దదైంది.

చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు ఏమైనా అడుగుతారా అని అధ్యక్షురాలు అంది. మల్లిక లేచింది. తెలుగులో అడగవచ్చా అంది. అడగమ్మా, తర్వాత అర్థం చెప్పిస్తాం అంది ఆమె.

"పెద్దయ్యా, నువ్వు అరిసినప్పుడు అది నీ వైపు సూసిందా?"

"సూసింది తల్లీ."

"ఎంటనే లేసిందా? ఆలోసించిందా?"

"ఎంటనే లేసింది."

మల్లిక చెయ్యి వెనక్కి పెట్టి తన కుర్చీ వీపు పట్టుకుంది.

"నాను తెలుగులో ఏటి సెప్పినా దానికి ఇనపడనట్టే ఉండీది. పది మార్లు సెప్పాల. గుడికెల్లి నాలుగక్షరాలు నేర్సుకోవే అంటే కడుపునొప్పి అనీది. దీనికి మన మాట ఎక్కదు, పోనీలే అనీసుకున్నాను."

"ఎక్కింది తల్లీ" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"బయపడిందా?"

"నా వైపు సూసినప్పుడు బయం నేదు. గంటనీ నన్నూ సూసింది. ఆనక ఎనక్కి తిరిగిపోనాది, పిల్లలికి సెప్పడానికి. దాని మొకం మళ్లీ నాకు కనపడ్లేదు."

ఆమె కూర్చుంది. మౌంగ్ మౌంగ్ ఆమె చెవిలో ఏదో అడిగాడు. ఆమె తెలుగు మాటల్ని బర్మా భాషలో అతనికి ఒక్కొక్కటే అప్పజెప్పడం మొదలుపెట్టింది. అతను వింటూ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అటు చివర కుర్చీలోంచి అబ్బాయి తల్లి లేచి, మధ్యనున్న ఖాళీ కుర్చీల వెంట రెండడుగులు వేసి, అక్కడే ఆగి, ఒక కుర్చీలో కూలబడింది. మల్లిక దగ్గరికి రాలేదు. వెనక్కీ వెళ్లలేదు.

సాయంత్రం హాలు మెట్ల మీద జనం వాన తగ్గడం కోసం నిలబడ్డారు. ఢిల్లేశ్వరరావు గోడ వారన, అందరికీ దూరంగా ఉన్నాడు. గోపీకృష్ణ అతన్ని దాటుకుని గొడుగు తెరిచి వెళ్లిపోయాడు. మల్లిక వచ్చి ఎదురుగా నిలబడింది. దగ్గరగా చూస్తే చాలా చిక్కిపోయి ఉంది.

"గట్టు మీదినుంచి ఎల్తన్నావు రోజూ" అంది.

అతను తల దించుకున్నాడు.

"సేపల పాకల ఎనకాల బురదలో పడి ఎల్తన్నావు. మా మలుపు దాటాల్సొస్తాదని. నాకు కనపడతాది, మిషను కాడ కూకుంటే గట్టంతా కనపడతాది."

"తల్లీ..."

"నన్ను సెప్పనియ్యి. రేపట్నుంచి మా మలుపులోంచే ఎల్లు. నాను నీతోటి మాటాడ్ను. ఎప్పటికి మాటాడ్తానో నాకు తెల్దు, అసలు మాటాడ్తానో నేదో. నిన్ను సూస్తే ఆ గంట ఇనపడతాది నాకు. అయినా మా మలుపులోంచే ఎల్లు. అది ఇన్న ఆఖరి మాట నీది. ఆ మాట అన్న మనిషి నా కంటికి కనపడకుండా ఎక్కడో బురదలో తిరగడం నాకొద్దు."

జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి వానలోకి వెళ్లింది. మౌంగ్ మౌంగ్ గొడుగు పట్టుకుని ఆమె వెనక పరిగెత్తాడు.

విచారణ సంఘం నివేదిక చాలా నెలల తర్వాత వచ్చింది. అన్ని ప్రమాదాలకీ ఒకటే గంట పెట్టడం స్కూలు తప్పని అందులో ఉంది. గంట కొట్టిన మనిషిది దురుద్దేశం కాదని ఉంది, ఆ గంట వల్ల వెనక భవనం పిల్లలు బతికారని ఉంది, ముందు ఆవరణలో పిల్లలు తుపాకీ ఎదురుగా వచ్చి కూర్చున్నారని కూడా ఉంది. ఏదీ దేన్నీ కొట్టివేసినట్టు రాయలేదు. తార పేరు దగ్గర, ఆమె అందించిన మాట వల్లే ఎక్కువమంది పిల్లలు లోపలికి చేరారని రాశారు. బజారులో పాత మాట మాసిపోయింది. స్కూలు మూతపడలేదు గానీ యాజమాన్యం మారింది, గోపీకృష్ణ ఉద్యోగం పోయింది. అతను నగరంలో అటువైపు సంచౌంగ్‌లో ఏదో దుకాణంలో చేరాడని విన్నారు. అత్త ఇంటికి మళ్లీ రాలేదు. వెంకమ్మ పండక్కి పిండివంట చేసినప్పుడల్లా అతని వాటా తీసి పక్కన పెడుతుంది, రెండోరోజు తామే తింటారు.

ఢిల్లేశ్వరరావు మళ్లీ సుత్తి పట్టలేదు. కొత్త యాజమాన్యంవాళ్లు, లోపలికి పొమ్మనే రెండో గంటకి దెబ్బలెలా ఉండాలో చెప్పమని కబురు పంపితే, తనకి తెలియదని జవాబు పంపాడు. నిజంగానే తెలియదు.

కానీ విచారణ మర్నాడు పొద్దున్నే లేచి స్నానం చేసి, లుంగీ మార్చి, చెప్పులేసుకున్నాడు.

"ఇంక పనిలోకి రావద్దన్నారు కదా. ఎక్కడికేటి?" అంది వెంకమ్మ.

"బస్సు కాడికి."

"బస్సెక్కి?"

"ఎక్కను. కాడికెల్లి ఒచ్చీస్తాను."

ఆమె మూలనున్న గొడుగు తెచ్చి చేతికిచ్చింది.

గట్టు వైపు తిరగాల్సిన చోట అతని కాళ్లు అలవాటుగా ఒక్క క్షణం ఆగాయి. ఆనక నేరుగా నడిచాడు. మలుపులో కుట్టుమిషను చప్పుడు దూరం నుంచే వినిపించింది. స్కూలు తెరిచే ముందు పిల్లలు బడికి కట్టే ఆకుపచ్చ లుంగీల గుడ్డ కుప్పగా మల్లిక పక్కన ఉండేది, ఇప్పుడు తెల్లగుడ్డ ఏదో కుడుతోంది. అతని నీడ గడప మీద పడింది. మిషను ఆగింది.

ఆమె తల ఎత్తలేదు. అతను కూడా నిలబడలేదు, అదే నడకతో గడప ముందునుంచి దాటిపోయాడు. వెనక కాసేపు ఏ చప్పుడూ లేదు. అతను బస్సు స్తంభం దాకా చేరబోతుండగా మిషను మళ్లీ మొదలైంది.

ఆ స్తంభం దగ్గర కాసేపు నిలబడి, వచ్చిన బస్సుని పోనిచ్చి, వెనక్కి తిరిగాడు. మళ్లీ అదే మలుపు. ఇప్పటికీ రోజూ అంతే. వాన ఉన్నా, ఎండ ఉన్నా ఊ డిల్లి పొద్దున ఆ గడప ముందునుంచి పోతాడు, ఆ గడప ముందునుంచే వస్తాడు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మిషను ఆగుతుంది.